కనుపాప కొలత: కంటి కెమెరా చిత్రం నుంచి సంఖ్య దాకా – ఆళ్లగడ్డ శిల్పదర్శనం ఉదాహరణగా ఒక వివరణ

సంగ్రహం:

మనిషి ఒక దృశ్యాన్ని చూస్తున్నప్పుడు, ఒక వాక్యాన్ని చదువుతున్నప్పుడు అతని కనుపాప పరిమాణంలో కలిగే స్వల్పమైన మార్పులను కెమెరా ద్వారా చిత్రించి, సాఫ్ట్‌వేర్ ద్వారా కొలిచే పద్ధతి భాషాపరిశోధనలో, కళానుభవ పరిశోధనలో స్థానం సంపాదించుకుంది. ఈ పద్ధతి ఎలా పనిచేస్తుంది, ఎక్కడ పొరపాటు చేస్తుంది, తెలుగు పరిశోధకుడు దీనినుంచి ఏమి ఆశించవచ్చు, ఏమి ఆశించకూడదు అనే అంశాలను ఈ పత్రం వివరిస్తుంది. ఆళ్లగడ్డ రాతిశిల్పాల నేత్రోన్మీలనాన్ని ఉదాహరణగా తీసుకుని ఒక ప్రయోగ ప్రణాళికను పరిశీలిస్తుంది. ఇది జరిగిన ప్రయోగపు నివేదిక కాదు. జరపదలచినవారు ముందుగా తేల్చుకోవలసిన విషయాల వివరణ మాత్రమే.

కీలకపదాలు: కనుపాప, నల్లగుడ్డు, పరారుణ కాంతి, దీర్ఘవృత్తం, ఆళ్లగడ్డ శిల్పం, నేత్రోన్మీలనం, తారాకర్మ, అవధానం.

1. పాప అనే మాట:

కంటి నడుమ ఉన్న నల్లని రంధ్రాన్ని తెలుగు 'పాప' అంది. సంస్కృతంలోని 'కనీనిక' శబ్దానికి చిన్నపిల్ల అనే అర్థం కూడా ఉంది. లాటిన్ 'పూపిల్లా' అంటే చిన్న బొమ్మ, చిన్న బాలిక. గ్రీకులో కన్యకూ కనుపాపకూ 'కోరే' అనే ఒకే మాట. తమిళంలో 'పావై' అంటే బొమ్మ, కంటిపాప కూడా. ఇన్ని భాషలు ఒకే ఊహను పంచుకోవడానికి కారణం సులభంగానే కనిపిస్తుంది. ఎదుటివారి కంట్లోకి దగ్గరగా చూస్తే చూసేవారి రూపమే చిన్న బొమ్మగా అక్కడ మెరుస్తుంది. ఆ బొమ్మ నిజానికి పాపలో లేదు. కంటి ముందరి పారదర్శకమైన పొర, అంటే కార్నియా, అద్దంలా పనిచేసి ఆ ప్రతిబింబాన్ని ఇస్తుంది. పాప నల్లగా ఉండటంవల్ల అది స్పష్టంగా కనిపిస్తుంది. పాపకు పేరు పెట్టిన ఈ ప్రతిబింబమే కెమెరా చిత్రంలో తెల్లని మెరుపుచుక్కగా పడి కొలతను చెడగొడుతుంది. కొలిచే సాఫ్ట్‌వేర్ మొదట చేయవలసిన పనుల్లో దానిని తుడిచివేయడం ఒకటి.

మరొక మాటను కూడా గమనించాలి. వాడుకలో తెలుగువారు కంటిని తెల్లగుడ్డు, నల్లగుడ్డు అని రెండుగా విభజిస్తారు. నల్లగుడ్డులో రెండు భాగాలున్నాయి: వర్ణంగల వలయమైన ఐరిస్, దాని నడుమ రంధ్రమైన పాప. ఈ రెండింటికీ నడుమ హద్దు గీయవలసిన అవసరం వాడుకభాషకు అంతగా కలగలేదు. మన ప్రాంతపు కళ్లలో ఐరిస్ ముదురు గోధుమ రంగులో ఉంటుంది కాబట్టి రెండడుగుల దూరంనుంచి చూసేవారికి ఆ హద్దు కనిపించదు. పత్రికలు ఆధార్ నమోదును గురించి రాసేటప్పుడు 'వేలిముద్రలు, కనుపాపలు' అంటాయి. అక్కడ నమోదవుతున్నది పాప కాదు, దాని చుట్టూ ఉన్న ఐరిస్ అల్లిక. ఈ గందరగోళం కేవలం పదజాలానికి సంబంధించినది కాదని, మామూలు కెమెరా కూడా ఇదే గందరగోళానికి లోనవుతుందని మూడో భాగంలో స్పష్టమవుతుంది. ఈ పత్రంలో 'పాప', 'కనుపాప' అనే మాటలు రంధ్రానికి మాత్రమే వర్తిస్తాయి.

2. పాప ఎందుకు కదులుతుంది?:

ఐరిస్‌లో రెండు కండరాలున్నాయి. పాప చుట్టూ వలయంగా ఉన్నది దానిని ముడుస్తుంది. చక్రపు ఆకుల్లా వ్యాపించినది దానిని విప్పుతుంది. మొదటిది పారాసింపథెటిక్ నాడుల అధీనంలో, రెండవది సింపథెటిక్ నాడుల అధీనంలో ఉంటాయి. ఎండలో పాప వ్యాసం సుమారు 2 మిల్లీమీటర్లకు తగ్గుతుంది, చీకట్లో 8 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. వయసు పెరిగేకొద్దీ ఈ పరిధి కుంచించుకుపోతుంది.

వైద్యులకు ఈ కదలిక చిరకాల పరిచితం. పత్తి, వరి పొలాలున్న నంద్యాల ప్రాంతంలో ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు విషప్రభావానికి లోనైనవారి పాపలు సూదిమొనలంతకు ముడుచుకుపోతాయి. చికిత్సకు వాడే అట్రోపిన్ పాపను విప్పుతుంది. ఉమ్మెత్తలో ఉన్నవి ఆ జాతి రసాయనాలే. నల్లమందు పాపను ముడుస్తుంది. అందువల్ల ప్రయోగంలో పాల్గొనేవారు వాడుతున్న మందులను, ఇటీవల జరిగిన కంటి పరీక్షలను అడిగి రాసుకోవడం లాంఛనం కాదు.

భాషాసాహిత్య పరిశోధకులకు ఆసక్తి కలిగించే మార్పు వీటికంటే చాలా చిన్నది. 1960లో ఎఖార్డ్ హెస్, జేమ్స్ పోల్ట్ ఆసక్తికరమైన చిత్రాలను చూసినప్పుడు పాప విప్పారుతుందని ప్రకటించారు. 1964లో వారే మనసులో గుణకారం చేస్తున్నప్పుడు లెక్క కఠినమైనకొద్దీ పాప పెద్దదవుతుందని చూపారు. 1966లో డేనియల్ కానెమన్, జాక్సన్ బీటీ ఒక్కొక్క అంకెను వినిపిస్తూ పోతే శ్రోత గుర్తుంచుకోవలసిన అంకెలు పెరిగినకొద్దీ పాప అంచెలంచెలుగా విప్పారుతుందని, వాటిని తిరిగి అప్పజెబుతున్నప్పుడు క్రమంగా ముడుచుకుంటుందని నిరూపించారు. 1993లో మార్సెల్ జస్ట్, పాట్రీషియా కార్పెంటర్ దీనిని వాక్యావగాహనకు వర్తింపజేశారు. చిక్కైన వాక్యనిర్మాణం పాపను ఎక్కువగా విప్పార్చింది.

అయితే ఇక్కడ మార్పు పరిమాణాన్ని గుర్తుంచుకోవాలి. వెలుతురువల్ల పాప కొన్ని మిల్లీమీటర్లు మారుతుంది. మానసికశ్రమవల్ల కలిగే మార్పు సాధారణంగా అర మిల్లీమీటరుకు లోపే, తరచు అందులో సగమైనా ఉండదు. వెలుతురుకు స్పందన పావు సెకనులోపే మొదలవుతుంది. శ్రమకు స్పందన మెల్లగా ఎదిగి, సుమారు ఒక సెకనుకో ఆపైనో శిఖరానికి చేరుతుంది. ఇటువంటి చిన్న అలను పెద్ద అలమీద గుర్తించడమే కొలతలోని అసలు కష్టం.

3. కెమెరా ముందు నల్లగుడ్డు:

సాధారణ వెబ్‌కెమెరాతో, గది వెలుతురులో తీసిన తెలుగువారి కంటిచిత్రాన్ని పరిశీలిస్తే, ఐరిస్‌కూ పాపకూ మధ్య ప్రకాశభేదం చాలా స్వల్పంగా ఉంటుంది. ఐరిస్‌లోని మెలనిన్ కంటికి కనిపించే వెలుతురును బాగా పీల్చుకోవడమే దీనికి కారణం. నీలికళ్లవారిపై తయారైన, మామూలు వెలుతురులో పనిచేసే ప్రోగ్రాములు ఇక్కడ విఫలం కావడానికి మూలం ఇదే. అటువంటి ప్రోగ్రాము కొలిచేది చాలాసార్లు పాపను కాదు, నల్లగుడ్డును. నల్లగుడ్డు వెలుపలి హద్దు ముడుచుకోదు, విప్పారదు కాబట్టి ఫలితం ఏమీ మారనట్లు వస్తుంది. లేదా రెప్ప కదలికలనే పాప కదలికలుగా చూపిస్తుంది.

పరారుణ కాంతిలో పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. 850 నానోమీటర్ల ప్రాంతంలో మెలనిన్ పీల్చుకునే కాంతి తగ్గుతుంది. ముదురు ఐరిస్ బూడిదరంగులో తేలికగా, అల్లికతో సహా కనిపిస్తుంది. పాపలోకి వెళ్లిన కాంతి కెమెరావైపు తిరిగి రాదు కాబట్టి పాప నల్లగానే ఉంటుంది. వాడుకభాష వేరు చేయని నల్లగుడ్డును ఈ కాంతి రెండుగా విడదీస్తుంది. దీపం కెమెరాకు కొంచెం పక్కగా ఉన్నప్పుడు ఇలా జరుగుతుంది. దీపం కెమెరా అక్షంమీదే ఉంటే రెటీనానుంచి కాంతి తిరిగివచ్చి పాప తెల్లగా మెరుస్తుంది. రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి, మొదటిదే సులభం. మనిషికి కనిపించని కాంతి కాబట్టి దీపం పాపను ముడవదు. అయితే కనిపించని కాంతికి కన్ను తనంతట తాను మూసుకోదు కూడా. దీపాల తీవ్రత భద్రతా ప్రమాణాలకు లోబడి ఉందో లేదో నిపుణుల చేత పరీక్షింపజేయకుండా సొంతంగా అమర్చిన పరికరాన్ని ఎవరి కంటిముందూ పెట్టకూడదు.

స్థానికమైన మరో చిక్కు కాటుక. దీపపు మసితో చేసిన కాటుకలో ఉన్నది కర్బనం. అది పరారుణ కాంతిని కూడా పీల్చుకుంటుంది. కనుక చిత్రంలో పాప ఎంత నల్లగా ఉంటుందో కాటుకరేఖా అంతే నల్లగా ఉంటుంది. 'అతి నల్లని ప్రాంతమే పాప' అనుకునే ప్రోగ్రాము కాటుకను కొలుస్తుంది.

4. చిత్రం నుంచి సంఖ్య:

సాఫ్ట్‌వేర్‌కు కంటిచిత్రం అంటే ఒక సంఖ్యల పట్టిక. 640 అడ్డు, 480 నిలువు పిక్సెళ్లుగల చిత్రంలో ప్రతి పిక్సెల్‌కూ 0నుంచి 255 వరకు ఒక ప్రకాశవిలువ ఉంటుంది. ఏ విలువ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కిస్తే పాప పిక్సెళ్లు తక్కువ విలువల వద్ద ఒక గుట్టగా, ఐరిస్ పిక్సెళ్లు మధ్యలో మరొక గుట్టగా కనిపిస్తాయి. రెండు గుట్టల నడుమ లోయలో ఒక హద్దువిలువను నిర్ణయించి, దానికి లోబడిన పిక్సెళ్లన్నిటినీ నలుపుగా, మిగిలినవాటిని తెలుపుగా మారిస్తే పాప, కనురెప్పల వెంట్రుకలు, కాటుక, ముక్కు నీడ నల్లని మచ్చలుగా మిగులుతాయి.

తరువాతి పని ఆ మచ్చలలో పాపను ఏరుకోవడం. ముందుగా మెరుపుచుక్క చేసిన తెల్లరంధ్రాన్ని పూడుస్తారు. సన్నని వెంట్రుకల గీతలను చెరిపివేస్తారు. మిగిలిన మచ్చల్లో పరిమాణం సబబుగా ఉండి, గుండ్రదనానికి దగ్గరగా ఉన్నదానిని ఎంచుకుంటారు. దాని అంచుబిందువులను సేకరించి, వాటికి అత్యంత సమీపంగా పోయే దీర్ఘవృత్తాన్ని గణిస్తారు. వృత్తం కాక దీర్ఘవృత్తం ఎందుకంటే కన్ను పక్కకు తిరిగినప్పుడు గుండ్రని పాప కెమెరాకు కోలగా కనిపిస్తుంది, పళ్లేన్ని పక్కనుంచి చూసినట్లు. రెప్ప కప్పిన చోట వచ్చే అబద్ధపు అంచుబిందువులు గణనను లాగివేయకుండా, కొద్ది బిందువులను యాదృచ్ఛికంగా ఎన్నుకుని వృత్తం గీసి, ఎక్కువ బిందువులు ఒప్పుకున్న వృత్తాన్నే స్వీకరించే విధానం ఒకటుంది. ఓటింగు వంటిదన్నమాట. 2005లో వెలువడిన స్టార్‌బర్స్ట్ పద్ధతి ఇదే మార్గంలో నడిచింది. అది పాప నడుమనుంచి అన్ని దిక్కులకూ కిరణాలు పంపి, ప్రకాశం ఒక్కసారిగా పెరిగిన చోట్లను అంచులుగా గుర్తిస్తుంది.

ఇటీవలి కాలంలో వేలాది కంటిచిత్రాలపై శిక్షణ పొందిన నాడీజాల నమూనాలు ప్రతి పిక్సెల్‌నూ పాప, ఐరిస్, తెల్లగుడ్డు అని నేరుగా వర్గీకరిస్తున్నాయి. 2019లో వచ్చిన డీప్‌వాగ్, రిట్‌నెట్ ఈ కోవలోవి. కాటుక, కళ్లజోడు వంటి చిక్కులను ఇవి పాత పద్ధతులకంటే బాగా తట్టుకుంటాయి. అయితే నమూనా ఎటువంటి కళ్లపై శిక్షణ పొందిందో తెలుసుకోకుండా దాని ఫలితాన్ని స్వీకరించడం సరికాదు. పాత పద్ధతిలో పొరపాటు ఏ మెట్టులో జరిగిందో చిత్రాన్ని చూసి చెప్పవచ్చు. కొత్త పద్ధతిలో అది కష్టం. మొదటిసారి ఈ రంగంలోకి వచ్చే భాషాశాఖవారు ఓపెన్‌సీవీ వంటి ఉచిత గ్రంథాలయంతో పాత పద్ధతిని ఒకసారి స్వయంగా నడిపి చూడటమే మేలు. హద్దువిలువ, అంచురేఖ, దీర్ఘవృత్తం అనే మూడు మెట్లకూ అందులో సిద్ధమైన ఆదేశాలున్నాయి.

గణించిన దీర్ఘవృత్తంనుంచి ఏ సంఖ్యను తీసుకోవాలనేది చివరి ప్రశ్న. వైశాల్యాన్ని తీసుకోవచ్చు, దీర్ఘాక్షాన్ని తీసుకోవచ్చు. కన్ను తిరిగినప్పుడు కుంచించుకుపోయేది హ్రస్వాక్షమే, దీర్ఘాక్షం దాదాపు నిలిచివుంటుంది. కనుక చూపు కదిలే ప్రయోగాల్లో దీర్ఘాక్షమే ఎక్కువ నమ్మదగినది.

5. పొరపాట్ల లెక్క:

ఒక ఉదాహరణతో ఈ విషయం తేటపడుతుంది. చిత్రంలో 20 పిక్సెళ్లు ఒక మిల్లీమీటరుకు సమానమనుకుందాం. 4 మిల్లీమీటర్ల పాప 80 పిక్సెళ్ల వ్యాసంతో కనిపిస్తుంది. కఠినమైన వాక్యంవల్ల పాప 0.2 మిల్లీమీటర్లు విప్పారితే చిత్రంలో మార్పు 4 పిక్సెళ్లు మాత్రమే. ఇప్పుడు హద్దువిలువ కొంచెం మారి అంచు రెండువైపులా ఒక్కొక్క పిక్సెల్ జరిగితే వ్యాసంలో 2 పిక్సెళ్ల తేడా వస్తుంది. అది వెతుకుతున్న ఫలితంలో సగం.

పాల్గొనే వ్యక్తి కెమెరాకు 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చుని, చదువుతూ చదువుతూ ఒకటిన్నర సెంటీమీటరు ముందుకు వంగితే చిత్రం 2.5 శాతం పెద్దదవుతుంది. 80 పిక్సెళ్లు 82 అవుతాయి. మళ్లీ సగం ఫలితం. ఆసక్తి కలిగినవాడు ముందుకు వంగడం సహజం కాబట్టి ఈ పొరపాటు యాదృచ్ఛికమైనది కూడా కాదు, పరిశోధకుని ఊహకు అనుకూలంగానే పడుతుంది. గడ్డాన్ని ఆనించే పీట అనివార్యం కావడానికి కారణమిదే. ఇక చూపు 20 డిగ్రీలు పక్కకు మళ్లితే హ్రస్వాక్షం సుమారు 6 శాతం తగ్గుతుంది. వైశాల్యంనుంచి లెక్కించిన వ్యాసం 3 శాతం, అంటే 0.12 మిల్లీమీటర్లు తగ్గినట్లు కనిపిస్తుంది. పాప కదలనే లేదు.

పిక్సెళ్లను మిల్లీమీటర్లుగా మార్చడానికి సులభమైన మార్గం ఉంది. తెలిసిన వ్యాసంగల నల్లని వృత్తాలను కాగితంమీద అచ్చువేసి, కన్ను ఉండే చోట ఉంచి చిత్రం తీయాలి. కార్నియా భూతద్దంలా పనిచేయడంవల్ల కెమెరాకు కనిపించే పాప అసలు పాపకంటే ఎనిమిదో వంతు దాకా పెద్దదన్న సంగతి కూడా తెలిసి ఉండాలి. పోలికల ప్రయోగంలో దీనివల్ల పెద్ద నష్టం లేదు.

రెప్పపాటును గురించి రెండు మాటలు చాలు. అది సెకనులో పదోవంతునుంచి నాలుగు పదోవంతుల దాకా ఉంటుంది. రెప్ప దిగుతున్నప్పుడూ లేస్తున్నప్పుడూ పాప పైభాగం కప్పబడి, హఠాత్తుగా ముడుచుకున్నట్లు సంఖ్య పడిపోతుంది. కనుక ఖాళీని మాత్రమే కాక దానికి ముందూ వెనుకా మరికొన్ని చిత్రాలను కూడా తొలగించి, రెండు చివరలను కలపాలి. ఆ తరువాత ప్రతి ప్రయత్నంలోనూ ఉద్దీపనకు ముందున్న కొద్దికాలపు సగటును ఆధారరేఖగా తీసుకుని, దానిని తరువాతి విలువలనుంచి తీసివేస్తారు. భాగించడంకంటే తీసివేయడమే క్షేమం. ఆధారరేఖలో ఒక్క రెప్పపాటు మిగిలిపోయినా భాగహారం ఫలితాన్ని విపరీతంగా ఉబ్బిస్తుంది.

6. ఆళ్లగడ్డ ఉదాహరణ – నేత్రోన్మీలనానికి ముందు, తరువాత:

అహోబిలానికి దారితీసే ఆళ్లగడ్డ రాతిశిల్పానికి ప్రసిద్ధి, భౌగోళిక సూచిక పొందిన కళ. దేవతావిగ్రహం అంతా పూర్తయిన తరువాత కన్ను తెరవడం శిల్పసంప్రదాయంలో ప్రత్యేకమైన క్రియ. రాతిలో గీసిన ఆ చిన్న రేఖతో బొమ్మ మూర్తి అవుతుందని విశ్వాసం. చూసేవారి అనుభవంలో ఆ రేఖ తెచ్చే తేడాను కొలవగలమా అన్న ప్రశ్న సహజంగానే పుడుతుంది. ఒకే విగ్రహాన్ని కన్ను తెరవకముందు ఒకటి, తెరిచిన తరువాత ఒకటి చొప్పున రెండు ఛాయాచిత్రాలు తీసి, ప్రేక్షకులకు చూపించి, వారి పాపలను కొలవడం దీనికి మార్గంగా తోస్తుంది.

ఈ ప్రణాళికను ఉన్నదున్నట్లుగా అమలు చేస్తే వచ్చే ఫలితానికి విలువ ఉండదు. నల్లరాతి విగ్రహం చిత్రం తెరపైకి రాగానే తెర వెలుతురు తగ్గుతుంది, పాప విప్పారుతుంది. అది భక్తీ కాదు, విస్మయమూ కాదు, చీకటికి స్పందన. హెస్ తొలి ప్రయోగాలపై వచ్చిన ప్రధాన విమర్శ కూడా చిత్రాల వెలుతురును తగినంతగా సమం చేయలేదనే. కాబట్టి రెండు చిత్రాలనూ ఒకే దీపం కింద, ఒకే కోణంలో తీయాలి. సగటు ప్రకాశాన్ని సమం చేయాలి. చిత్రానికి ముందు వచ్చే ఖాళీతెర కూడా అదే ప్రకాశంలో ఉండాలి.

ఇంతటితో చాలదు. కన్ను తెరిచిన విగ్రహంలో ప్రేక్షకుడు కళ్లనే చూస్తాడు. తెరవని విగ్రహంలో అతని చూపు కిరీటంమీదా శంఖచక్రాలమీదా తిరగవచ్చు. చూపు నిలిచిన చోటి వెలుతురు పాపను మిగతా తెరకంటే ఎక్కువగా ప్రభావితం చేస్తుంది. సగటు సమానమైనా చూసిన చోటు సమానం కాదు. అందువల్ల పాపతోపాటు చూపు నిలకడలను కూడా నమోదుచేసి, ముఖభాగాన్ని చూస్తున్న క్షణాలనే పోల్చాలి. మూడో చిత్రం ఒకటి ఉంటే మరీ మంచిది: కంటిరేఖ ఎంత పొడవో అంతే పొడవైన రేఖను కన్ను కానిచోట, ఉదాహరణకు భుజకీర్తిమీద, చిత్రసవరణ ద్వారా చేర్చినది. కన్ను తెరవడం వేరు, ఎక్కడో ఒక గీత పెరగడం వేరు అని చెప్పగలగాలంటే ఈ మూడోది తప్పనిసరి.

ప్రయోగాన్ని శిల్పుల పందిళ్లలోనే, అసలు విగ్రహం ముందే జరపాలన్న ఆకాంక్ష కలుగుతుంది. పగటి వెలుతురులో అది సాధ్యపడదు. సూర్యకాంతిలో పరారుణం సమృద్ధిగా ఉంటుంది, పరికరం దీపాలు అందులో మునిగిపోతాయి. పైగా ఆరుబయట పాప అప్పటికే ముడుచుకుని ఉంటుంది, విప్పారడానికి వెలుతురు అవకాశమివ్వదు. మూసిన గదిలో, స్థిరమైన వెలుతురులో, ఎండనుంచి వచ్చినవారిని కొన్ని నిమిషాలు కూర్చోబెట్టిన తరువాతే మొదలుపెట్టాలి. దర్శనం అనే అనుభవంనుంచి ఇది దూరమైన ఏర్పాటే. కొలత కచ్చితత్వం పెరిగినకొద్దీ కొలిచే వస్తువు దేవాలయంనుంచి తెరమీదికి తరలిపోతుంది. ఈ నష్టాన్ని పరిశోధకుడు తన పత్రంలో దాచకూడదు. కన్ను తెరవని మూర్తిని చిత్రించడానికి స్థపతి అనుమతించకపోతే ఈ ప్రయోగం అక్కడితో ఆగాలి. ఆ నిరాకరణను అడ్డంకిగా కాక, ఆ రేఖకు సంప్రదాయం ఇచ్చే విలువకు సాక్ష్యంగా తీసుకోవచ్చు.

ఇన్ని జాగ్రత్తల తరువాత తెరిచిన కంటికి పాప ఎక్కువగా విప్పారిందని తేలితే ఏమి చెప్పవచ్చు? ఆ చిత్రం చూపరి అవధానాన్నో ఉద్వేగాన్నో పెంచిందని చెప్పవచ్చు. భక్తి అని, భయమని, ఆశ్చర్యమని చెప్పడానికి పాప సాక్ష్యం చాలదు. భయానికీ ఆనందానికీ లెక్కకూ పాప ఒకే దిక్కులో విప్పారుతుంది.

7. తారాకర్మ, పాఠం, పద్యం:

ఇక్కడ సాహిత్యశాఖవారికి ఒక ప్రలోభం ఎదురవుతుంది. నాట్యశాస్త్రం ఎనిమిదో అధ్యాయంలో భరతుడు తొమ్మిది తారాకర్మలను చెప్పాడు: భ్రమణం, వలనం, పాతనం, చలనం, సంప్రవేశనం, వివర్తనం, సముద్వృత్తం, నిష్క్రామం, ప్రాకృతం. వీటిని రసాలకు అన్వయించాడు కూడా. నిష్క్రామాన్ని పాప వ్యాకోచమని, ప్రవేశనాన్ని సంకోచమని అనువదించి, భరతుడు కనుపాప కొలతను ముందే ఊహించాడని రాయడం ఎంతో సులభం. అది నిలవదు. తారాకర్మలు నటుడు అభ్యాసంచేత సాధించే కంటి కదలికలు. పాప వ్యాకోచాన్ని నటుడు ఇచ్ఛానుసారం చేయలేడు, దీపాల వెలుతురులో ప్రేక్షకుడు దానిని చూడనూ లేడు. అసంకల్పిత శారీరకవికారాలను భరతుడు సాత్త్వికభావాలుగా ఎనిమిదింటిని లెక్కించాడు. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం – వీటిలో పాప వ్యాకోచం లేదు. ప్రదర్శనకు పనికిరానిది ప్రయోగశాస్త్రంలో చేరకపోవడం లోపం కాదు. పాప వ్యాకోచాన్ని సాత్త్వికభావాల సరసన, వాటికి దగ్గరి బంధువుగా చర్చించడం మాత్రం ఫలవంతమైన పని. ఆ చర్చ ఇంకా జరగవలసే ఉంది.

తెలుగు పాఠాన్ని చదివించి పాపను కొలవాలనుకునేవారికి లిపి ఒక ప్రత్యేక సమస్య. గుణింతాలు పైనా, వత్తులు కిందా చేరడంవల్ల సంయుక్తాక్షరాలు ఎక్కువున్న గ్రాంథికవాక్యం అదే పొడవుగల వ్యావహారిక వాక్యంకంటే ఎక్కువ నలుపును తెరమీద పరుస్తుంది. గ్రాంథికానికి పాప విప్పారితే అది కాఠిన్యమా, సిరానా? అక్షరాల పిక్సెళ్లను లెక్కించి సమం చేయడం, లేదా అవే అక్షరాల ముక్కలను చెదరగొట్టి అర్థంలేని నియంత్రణచిత్రాన్ని తయారుచేయడం దీనికి సమాధానాలు. పంక్తి ఎడమనుంచి కుడికి చూపు కదులుతుంది కాబట్టి కోణపు దోషం కూడా తోడవుతుంది. ఒక్కొక్క మాటనే తెర నడుమ చూపితే ఆ దోషం పోతుంది. కాని పద్యాన్ని పదపదంగా తుంచితే యతి, ప్రాస, గణాల నడక అన్నీ చెదిరిపోతాయి. పద్యానికి వినిపించడమే ఉత్తమం. శ్రోత తెరమీద ఒక చుక్కను చూస్తూ పద్యం వింటాడు, వెలుతురూ మారదు, చూపూ కదలదు.

అర్థమే పాపను కదిలించగలదని చూపిన ప్రయోగం ఒకటి సాహిత్యపరిశోధకులు ప్రత్యేకంగా గమనించదగినది. 2017లో సెబాస్టియాన్ మతోట్, ఆయన సహపరిశోధకులు వెలుగును సూచించే మాటలను, చీకటిని సూచించే మాటలను చదివించారు, వినిపించారు కూడా. మాటల వెలుతురు సమానమైనా చీకటి మాటలకంటే వెలుగు మాటలకు పాప చిన్నదిగా ఉంది. 'ఎండ', 'చీకటి' వంటి మాటలతో తెలుగులో దీనిని పరీక్షించడం పెద్ద ఖర్చులేని పని. 'వెన్నెల' విషయంలో ఏమవుతుందన్నది ముందుగా చెప్పలేము, అది రాత్రిపూట వెలుగు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని నాడీ, సంజ్ఞానశాస్త్రాల కేంద్రంలో తెలుగు–ఇంగ్లీషు ద్విభాషులపై చూపు కదలికల పరిశోధనలు జరిగాయి కాబట్టి తెలుగుశాఖలకు తోడ్పాటు దొరికే చోటు దూరంలో లేదు.

కానెమన్, బీటీల అంకెల ప్రయోగాన్ని చదివిన తెలుగువానికి అవధానం గుర్తుకు రాక మానదు. నిషేధాక్షరి, సమస్య, దత్తపది, అప్రస్తుత ప్రసంగాల మధ్య పూరణలను నిలుపుకుని చివర ధారణ చేసే అవధాని, స్మృతిభారాన్ని అంచెలంచెలుగా పెంచుకుని తరువాత దించుకునే వ్యక్తి. ధారణ సమయంలో పాప క్రమంగా ముడుచుకోవాలని ఆ ప్రయోగం సూచిస్తుంది. అయితే భారం శక్తికి మించినప్పుడు పాప విప్పారడం ఆగిపోతుందని తరువాతి పరిశోధనలు చూపాయి. కాబట్టి చిన్న పాప సునాయాసానికి గుర్తు కావచ్చు, చేతులెత్తేయడానికీ గుర్తు కావచ్చు. సభలో ఈ కొలత సాధ్యం కాదు. రంగదీపాలు, పృచ్ఛకులవైపు తిరిగే ముఖం అందుకు అడ్డు. ప్రయోగశాలలో రెండు మూడు అంశాలకు కుదించిన అవధానాన్ని చేయించవచ్చు. పూరణలోని శ్రమ ఎంతో అది చెబుతుంది, పూరణ ఎంత బాగుందో చెప్పదు.

8. కంటిచిత్రం ఎవరిది?:

1993లో జాన్ డాగ్‌మన్ ప్రకటించిన ఐరిస్ గుర్తింపు పద్ధతి మొదట పాప హద్దును, తరువాత ఐరిస్ వెలుపలి హద్దును కనుగొంటుంది. ఆ రెండింటి నడుమ వలయాన్ని రబ్బరు పట్టీలా ఒకే కొలతకు సాగదీసి, అందులోని అల్లికను సంకేతంగా మారుస్తుంది. పాప ఎంత విప్పారినా సంకేతం మారకూడదనే ఆ సాగదీత. అంటే గుర్తింపు పద్ధతి పారవేసేది ఏదో, పాప కొలత కోరుకునేది సరిగ్గా అదే. కాని రెండింటి ముడిసరుకు ఒకటే: పరారుణ కాంతిలో తీసిన స్పష్టమైన కంటిచిత్రం. భాషాప్రయోగం కోసం సెకనుకు 60 చొప్పున తీసిన చిత్రాలలో ప్రతి ఒక్కటీ ఆ మనిషి గుర్తింపుకు పనికి రావచ్చు. 2016 ఆధార్ చట్టం ఐరిస్‌ను ప్రధాన జీవసంబంధ సమాచారంగా పరిగణించింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా వచ్చింది.

ఈ విషయంలో పరిశోధనానీతి రెండు దిక్కులకు లాగుతుంది. చిత్రాలను చెరిపివేసి దీర్ఘవృత్తపు సంఖ్యలను మాత్రమే దాచుకుంటే పాల్గొన్నవారికి రక్షణ. కాని ఐదో భాగంలో చూసినట్లు ఒక్క పిక్సెల్ తేడాతో ఫలితం సగం మారే కొలతలో, చిత్రాలు లేనిదే మరొకరు సరిచూడలేరు. మధ్యేమార్గం ఒకటి సాధ్యమే. పాప అంచుకు లోపలా వెలుపలా కొద్ది పిక్సెళ్ల పట్టీని మాత్రం ఉంచి, మిగిలిన ఐరిస్ వలయాన్ని ఒకే బూడిదరంగుతో నింపి చిత్రాన్ని భద్రపరచవచ్చు. అంచు సరిగ్గా గుర్తించబడిందా లేదా అన్నది సరిచూడటానికి ఆ పట్టీ చాలు, అల్లిక మాత్రం చాలావరకు పోతుంది. ఈ ముసుగును చిత్రం తీసిన రోజే, అదే కంప్యూటర్‌లో వేయాలి.

సమ్మతిపత్రాన్ని తెలుగులో రాసేటప్పుడు మొదటి భాగంలోని మాటల చిక్కు మళ్లీ ఎదురవుతుంది. 'మీ కనుపాప ఫోటో తీస్తాము' అంటే ఆళ్లగడ్డలో శిల్పికైనా రైతుకైనా ముందు గుర్తుకొచ్చేది ఆధార్, రేషన్. ఆ మాట బదులు, నల్లగుడ్డు నడుమ ఉన్న చిన్న రంధ్రం ఎంత పెద్దదవుతుందో కొలుస్తామని, దానికోసం కంటి వీడియో తీస్తామని, ఆ వీడియోలో మనిషిని గుర్తుపట్టే గీతలు కూడా పడతాయని, వాటిని ఎప్పుడు ఎలా చెరిపివేస్తారో, ఏ రోజు దాకా తమ చిత్రాలను వెనక్కి అడగవచ్చో విడివిడి వాక్యాలలో రాసి, చదివి వినిపించాలి.